సబ్బుపెట్టె కాపలా

జూలై 3, 2013, బుధవారం

నిన్న తమ్ముడు తిరుపతికి బెయిలు వచ్చింది. ఇరవై రోజుల తర్వాత. జైలు గేటు దగ్గర నేనూ బక్కయ్య మామయ్యా ఎండలో నిలబడ్డాం. తమ్ముడు కుంటుకుంటూ వచ్చాడు. ఎడమ మోకాలు. "ఏమైందిరా?" అంటే "మెట్ల మీద జారిన" అన్నాడు. లోపలికి వెళ్ళినవాళ్ళందరూ ఆ మెట్ల మీదే జారతారు కాబోలు.

ఆటోవాడికి ఎల్బీనగర్ అని చెప్పబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, నేను ఆ ఇంట్ల అడుగు పెట్ట. మామ దగ్గర్నే ఉంట" అన్నాడు. ఆటోని అల్మాస్‌గూడకి తిప్పించి, వాణ్ని మామయ్య ఇంట్లో దింపి వచ్చాను.

అమ్మ కోడికూర వండి గడపలో కూర్చుని ఉంది. "ఏడి?" అంది. చెప్పాను. కూరగిన్నె మీద మూతపెట్టి లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ ఇల్లంటే రామమోహనరావుగారి ఇల్లు. పైన వాళ్ళు, కింద మేము, డాబా మీద రేకుల గది. తొమ్మిదేళ్ళ నుంచి కిరాయికి ఉంటున్నాం. తమ్ముడు యూనివర్సిటీ హాస్టల్ వదిలి మూడు రోజులు ఆ రేకుల గదిలో దాక్కున్నాడని నాకు, అమ్మకి, ఓనరుకి తప్ప నరమానవుడికి తెలియదు. ప్రత్యేక రాష్ట్రం కోసం అసెంబ్లీ ముట్టడి రెండు రోజులుందనగా, జూన్ పన్నెండు పొద్దున్నే పోలీసులు వచ్చారు. మా తలుపు తట్టలేదు. సరాసరి డాబా ఎక్కారు. రోజూ ఆరున్నరకి గేటు తాళం తీసే పెద్దమనిషి ఆ రోజు ఐదింటికే తీసి పెట్టాడు. ముందు రోజు సాయంత్రం మెట్ల కింద ఫోన్లో "అవునండీ, పైగదిలోనే ఉన్నాడు" అనడం నా చెవులతో నేనే విన్నాను. ఎవరి గురించో అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇరవయ్యో తేదీన బ్యాంకు ఇంటర్వ్యూ. అదీ పోయింది. రెండేళ్ళు చదివాడు దానికోసం.

రావుగారూ, మిమ్మల్ని వదలను. ఇది రాసి పెట్టుకుంటున్నాను, మళ్ళీ జాలి పుడితే తీసి చదువుకోవడానికి.

జూలై 7, ఆదివారం

వచ్చాడు. ఆ ఓనరు మా గడపలోకి, చెప్పులు విడిచి మరీ వచ్చాడు.

"అమ్మా కృష్ణకుమారీ, మా ఉదయకి ఎంసెట్‌లో పన్నెండు వేల ర్యాంకు వచ్చింది కదా. కౌన్సెలింగ్ అయ్యేదాకా ఆ ఫేస్‌బుక్ రాకుండా ఏమైనా చెయ్యగలరా? నెట్ మాత్రం ఉండాలమ్మా, కాలేజీల వివరాలు చూసుకోవాలిగా. దిల్‌సుఖ్‌నగర్‌లో వందమందికి నెట్‌వర్కింగ్ నేర్పే అమ్మాయిని ఇంట్లో పెట్టుకుని బయటివాళ్ళని పిలవడమేంటండీ అంది మీ ఆంటీ."

బ్రాడ్‌బ్యాండ్ ఆయన పేరు మీదే ఉంది. మోడెం మెట్ల కింద, కరెంటు మీటరు పక్కన గూట్లో. అక్కణ్ణుంచే పైకొక తీగ, మాకొక తీగ.

"చేస్తాను సార్" అన్నాను.

వెళ్తూ వెళ్తూ "తిరుపతి ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగాడు. ఎంత ధైర్యం ఉండాలి ఆ మాట అడగడానికి! "బాగున్నాడు సార్" అన్నాను. అమ్మ వంటింట్లోంచి బయటికే రాలేదు. ఆవిడకీ ఆయన ముఖం చూడబుద్ధి కావడం లేదన్నమాట.

జూలై 16

బోర్డు వచ్చింది. రాస్ప్‌బెర్రీ పై. అరచేతిలో పడుతుంది, కానీ కంప్యూటరే. దీనికి తీగ పెట్టే రంధ్రం ఒకటే ఉంటుంది కాబట్టి ఇంకొకటి యూఎస్‌బీకి తగిలించాను. ఫోన్ చార్జరే దీనికి కరెంటు. పెట్టె కొనడం దండగనిపించి, ఊళ్ళకి వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళే ఆకుపచ్చ సబ్బుపెట్టెకి వేడి సూదితో చిల్లులు పెట్టి అందులో కూర్చోబెట్టాను.

"గిదేంది బిడ్డా, సబ్బుపెట్టెకు కరెంటు పెడ్తున్నవ్?" అంది అమ్మ.

"వాచ్‌మన్ అమ్మా. రెండిండ్ల నెట్టు గీ పెట్టెల నుంచే పోవాలె. నేను పొమ్మన్నోళ్ళే పోతరు."

"గింతది ఎవలను ఆపుతది?" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. తిరుపతి వెళ్ళినప్పటి నుంచీ నవ్వలేదు.

గూట్లో మోడెం పక్కన పెట్టాను. ఫేస్‌బుక్‌ని ఆపేశాను. రావుగారు మెట్ల మీద నిలబడి చూసి "శభాష్" అన్నారు. తన ఇంటి తాళంచెవి తనే తెచ్చి నా కొంగున కట్టారని ఆయనకి తెలియదు.

జూలై 18

ఇవాళ క్లాసులో అదే పాఠం వచ్చింది. వచ్చినవాణ్ని ఆపడానికి ఫైర్‌వాల్‌కి రెండు పద్ధతులు. ఒకటి రిజెక్ట్. "రావద్దు, పో" అని మొహం మీద చెబుతుంది, వాడు వెంటనే తెలుసుకుని వేరే దారి చూసుకుంటాడు. రెండోది డ్రాప్. ఏమీ చెప్పదు. అవతలివాడు ఇంకా జవాబు వస్తుందనుకుని తడుతూనే ఉంటాడు. ఏది మంచిది మేడమ్ అని ఒక అమ్మాయి అడిగింది. శత్రువుకైతే రెండోది అన్నాను. క్లాసంతా నవ్వింది.

జూలై 19

పెట్టెకి ఇంకో పని కూడా పెట్టాను. ఏ ఇంట్లోంచి ఏ సైటుకి ఎన్నింటికి వెళ్ళారో రాసి ఉంచుతుంది. అక్కడ ఏం చదివారో చెప్పదు, ఎక్కడికి వెళ్ళారో చెబుతుంది. అది చాలు నాకు.

జూలై 24

ఉదయ కిందికి వచ్చి బతిమాలింది. "కుమారక్కా, ఒక్క అరగంట. అమ్మ గుడికెళ్ళింది. ప్లీజ్." ఫేస్‌బుక్ అరగంట వదిలాను. నా మెడ చుట్టూ చేతులేసి "మీరు మా సొంత అక్క" అంది.

మంచి పిల్ల. దానికీ దీనికీ సంబంధం లేదు.

జూలై 30, మంగళవారం

రాష్ట్రం ఇచ్చారు! సాయంత్రం టీవీలో చెప్పగానే దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు కనపడలేదు, అంతా గులాబీ రంగు. ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరు ఎవరికి మిఠాయి పెడుతున్నారో తెలియలేదు. నేనూ ఏడ్చాను. తిరుపతికి ఫోన్ చేస్తే "మంచిగైంది" అన్నాడు. అంతే. దీనికోసం తిరిగినవాడు రెండే ముక్కల్లో తేల్చేశాడు.

ఇంటికొచ్చేసరికి రావుగారు గేటు దగ్గర ఉన్నారు. "కంగ్రాట్స్ అమ్మా. మీ తమ్ముడు కోరుకున్నది వచ్చింది" అన్నారు. ఆయన వెనకాల లలితకుమారి ఆంటీ, మొహంలో నెత్తురు చుక్క లేదు. "కుమారీ, మమ్మల్ని వెళ్ళిపొమ్మంటారంటావా? ఇరవై ఏడేళ్ళయింది మేం వచ్చి. ఉదయ ఇక్కడే పుట్టింది."

ఎవరూ అనరు ఆంటీ అని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది.

"ఏమో ఆంటీ, చూడాలి" అన్నాను.

హాయిగా ఉంది. అబద్ధమెందుకు, హాయిగానే ఉంది.

ఆగస్టు 6

పెట్టె రాసి ఉంచిన లాగ్ చదివాను. పైవాళ్ళింట్లో రోజూ పొద్దున ఎనిమిదింపావుకి, ఆఫీసుకి బయల్దేరే ముందు, కోర్టు కేసుల వివరాలుండే సైటు తెరుస్తున్నారు. ఆదివారాలు తప్ప రోజూ. ఏదో స్థలం తగాదా అయ్యుంటుంది. ఎవరి జాగా మింగాడో.

ఆగస్టు 9

మోకాళ్ళ డాక్టర్ల సైట్లు కూడా ఉన్నాయి, వరసగా నాలుగు. ఆంటీకి మోకాళ్ళ నొప్పులు. అనుభవించనీ.

ఆగస్టు 18, ఆదివారం

అల్మాస్‌గూడ వెళ్ళాను. తిరుపతి మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. డాక్టర్ ఎవరో ఫోన్ చేసి మరీ పిలిచి చూశాడట, ఫీజు తీసుకోలేదట. "ఎవరు పంపిన్రో తెల్వది. ఉద్యమపోల్లే అయ్యుంటరు" అన్నాడు మామయ్య. లాయరు కూడా అలాగే దొరికాడు మాకు. లోకంలో ఇంకా మంచివాళ్ళున్నారు, మా ఓనరు ఒక్కడు తప్ప.

"ఇంటికి రా" అన్నాను.

"ఆయన మొకం జూస్తె నేనేం జేస్తనో నాకే తెల్వదు. అమ్మను ఈడికి పంపు."

అమ్మ రాదు. "పో అమ్మా, నాలుగు రోజులుండిరా" అంటే "వాని మొకం ఎట్ల జూడాలె" అంటుంది. ఏడుపొస్తుందని కాబోలు. సగానికి సగం చిక్కిపోయింది. ఈ ఇంట్లో మా ముగ్గురికీ ఒక్కచోట కూర్చుని అన్నం తినే యోగం ఎవడి వల్ల పోయిందో అతనికీ ఒకటి పోవాలి. తమ్ముడు ఇంటర్వ్యూ పోగొట్టుకున్నట్టే, పోయాక తిరిగి రానిది ఏదో ఒకటి.

సెప్టెంబర్ 2, సోమవారం

ఉదయ ర్యాంకువాళ్ళకి వెబ్ ఆప్షన్లు మొదలయ్యాయి. ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో వరసగా పెట్టి సేవ్ చెయ్యాలి. ఆఖరి రోజు సాయంత్రం ఐదింటికి ఏ వరస సేవ్ అయి ఉంటే దాని ప్రకారమే సీటిస్తారు. ఎలా చెయ్యాలో చూపించమని పైకి పిలిచింది. ఊరికే ఉదాహరణకి మా నల్గొండ వైపు కాలేజీ ఒకటి మొదటి ఆప్షన్‌గా పెట్టి సేవ్ చేసి చూపించాను. మా ఊరికి ఆరు కిలోమీటర్లు.

"అక్కడ పడితే మీ చుట్టాలింట్లో ఉండొచ్చు" అని నవ్వింది. నేనూ నవ్వాను.

అసలు జాబితా వేరే ఉంది. రావుగారు నెల రోజులు తిరిగి, కాలేజీలు చూసి, ఎర్ర సిరాతో అరవై పేర్లు రాశారు. "ఇది తీసేద్దామా అక్కా?" అంది ఉదయ.

"ఉండనీ. నాన్నగారు చెప్పిన రోజు అన్నీ ఒకేసారి మార్చుకోవచ్చు" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా మనసులో ఏమీ లేదు.

సెప్టెంబర్ 5

నిజంగా ఏమీ లేదు. కానీ ఇవాళ రావుగారు చెప్పిందిది: ఆప్షన్లు పెట్టడానికి పంతులుగారిచేత ముహూర్తం పెట్టించారట. ఎల్లుండి, ఏడో తేదీ శనివారం సాయంత్రం నాలుగూ పన్నెండుకి. ఆఖరి రోజు! ఐదింటికి సైటు మూసేస్తారు.

"ఆఖరి నిమిషం ఎందుకు సార్? సైటు మీద రద్దీ ఉంటుంది. పైగా ఆ రోజు బంద్" అన్నాను. అన్నాను, నా వైపు తప్పు లేకుండా.

"ఉదయ జాతకానికి ఈ వారంలో అదొక్కటే మంచి ఘడియ అన్నారమ్మా. నెట్ సెంటర్లకి వెళ్ళే పని లేదు. అక్కడ పాస్‌వర్డ్ చూసి ఆప్షన్లు మార్చేస్తున్నారట, పేపర్లో వచ్చింది. మన ఇంట్లో మీ పెట్టె ఉందిగా, భయమేంటి!"

మీ పెట్టె ఉందిగా.

పెట్టెలో కొత్త రూల్ ఒకటి రాశాను. శనివారం నాలుగింటి నుంచి ఐదుంబావు దాకా, పై ఇంట్లోంచి కౌన్సెలింగ్ సైటుకి వెళ్ళేదేదైనా సరే, డ్రాప్. రిజెక్ట్ పెడితే రెండు నిమిషాల్లో తెలిసిపోయి వేరే ఇంటికి పరిగెత్తుతారు.

చేస్తానో లేదో తెలియదు. రాసి పెట్టాను, అంతే. తీసెయ్యడానికి ఒక్క నిమిషం చాలు.

సెప్టెంబర్ 7, శనివారం

తీసెయ్యలేదు.

బంద్. పొద్దుటి నుంచీ ఒక్క బస్సు లేదు, ఒక్క షట్టరు తెరవలేదు. మూడున్నరకే పైన దీపం పెట్టారు. కంప్యూటర్‌కి బొట్టు పెట్టి, మౌస్ మీద రెండు అక్షింతలు వేశారట. నాలుగూ ఇరవైకి ఉదయ మెట్లు దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. "కుమారక్కా, పేజీ తెరుచుకోవట్లేదు!"

పైకి వెళ్ళాను. తెల్లటి పేజీ, పైన గుండ్రంగా తిరుగుతున్న చక్రం. ఉదయ మళ్ళీ నొక్కింది. మళ్ళీ. మిగతా సైట్లన్నీ వస్తున్నాయి, అదొక్కటే రావడం లేదు.

"రద్దీ. ఐదు నిమిషాలు ఆగండి, వచ్చేస్తుంది" అన్నాను.

రావుగారు ఎర్ర సిరా జాబితా పట్టుకుని నిలబడ్డారు. "జోగారావుగారింటికి వెళ్దామా అమ్మా? రెండు వీధుల అవతలే, వాళ్ళకీ నెట్ ఉంది."

"వద్దు సార్. వెళ్ళి కంప్యూటర్ ఆన్ చేసేలోపు ఇక్కడే వస్తుంది. నేను కిందికెళ్ళి పెట్టె చూసొస్తాను."

కిందికి వెళ్ళి గూట్లో సబ్బుపెట్టె ముందు ఊరికే నిలబడ్డాను. ఆకుపచ్చ దీపం మిణుకు మిణుకుమంటోంది. పైకి వచ్చి "మోడెం ఆపి మళ్ళీ పెట్టాను. కింద మా దాంట్లోనూ రావడం లేదు" అన్నాను. ఆంటీ టీ ఇచ్చింది. తాగాను. నాలుగూ ముప్పై ఐదు. ఉదయ నొక్కుతూనే ఉంది, వేలి చివర ఎర్రబడింది. "వచ్చేస్తుంది కదక్కా?" అని నా మొహంలోకి చూసింది. "వస్తుంది" అన్నాను. నాలుగూ నలభై ఐదు. అప్పుడు రావుగారు ఉదయ చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు. అంత పెద్దమనిషి చెప్పుల్లేకుండా పరిగెత్తడం చూశాను.

జోగారావుగారి కంప్యూటర్ తెరుచుకునేసరికి ఐదూ రెండు.

తిరిగొచ్చి రావుగారు గేటు దగ్గర ఆగి, "మీరు పాపం చాలా ప్రయత్నించారమ్మా" అన్నారు.

రూల్ పక్కన అది ఎన్నింటిని ఆపిందో అంకె పడుతుంది. 412. పేజీ కోసం నొక్కినప్పుడల్లా నాలుగైదు వెళ్తాయి.

తిరుపతీ, నీ ఇంటర్వ్యూకి ఇది జవాబు.

సెప్టెంబర్ 8

నిద్ర పట్టింది. పట్టదనుకున్నాను.

సెప్టెంబర్ 9, వినాయక చవితి

ఆంటీ ఉండ్రాళ్ళు పంపింది. అమ్మ కళ్ళకద్దుకుని తింది. నేను ముట్టుకోలేదు.

సెప్టెంబర్ 12, గురువారం

సీట్లు ప్రకటించారు. ఉదయకి నల్గొండ కాలేజీ. నేను చూపించడానికి పెట్టిన మొదటి ఆప్షనే.

పైనుంచి ఆంటీ ఏడుపు వినిపిస్తోంది. రావుగారి గొంతు వినిపించడం లేదు. అమ్మ కూరగాయలు తరుగుతూ "ఏమైంది?" అంది. చెప్పాను. మామూలుగానే చెప్పాను, గొంతులో ఆ సంతోషం దాచుకున్నానో లేదో తెలియదు. "మంచిగైంది. మన తిరుపతిని పట్టిచ్చినోనికి గట్లనే కావాలె" అన్నాను.

అమ్మ కత్తిపీట వదిలేసింది.

"సారు పట్టియ్యలె బిడ్డా. నేనే పట్టిచ్చిన."

అర్థం కాలేదు నాకు. మళ్ళీ చెప్పింది.

"వాడు గదిల లేనప్పుడు ఊడ్వనీకి పోయిన. మంచం కింద డబ్బ ఉండె. మూత తీస్తె పెట్రోలు వాసనొచ్చింది. డబ్బ కింద కాయితం. నాకు సదువు రాదాయె. నువ్వు క్లాసు చెప్పనీకి పోయినవ్. సారు దగ్గరికి తీస్కపోయి సదివిచ్చిన. సదివి, తలుపు దగ్గరికేసి చెప్పిండు సారు. అసెంబ్లి కాడ వాడు తనను తాను..." అక్కడ ఆగిపోయింది. "నేనే కాళ్ళ మీద పడ్డ. రెండు దినాలు వాణ్ని ఏడనన్న కూసోబెట్టియ్యి సారూ, ఆ దినం గడిస్తె సాలు అన్న. సారుకు ఎవలో పోలీసాయన ఎర్క. గప్పుడు ఫోన్ జేసిండు. గేటు తాళం నేనే తీపిచ్చిన. నా పిల్లలకు చెప్పొద్దని ఒట్టు వేపిచ్చుకున్న."

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తె నువ్వు వాణ్ని నిలదీస్తవు. వాడు ఉరుకుతడు. తర్వాత కేసు పెట్టిన్రు, కొట్టిన్రు. ఇగ ఏ మొకంతోటి చెప్పాలె? వకీలును మాట్లాడింది సారే. మోకాలు డాక్టరును పంపింది సారే. రోజు కేసు ఏమైందో జూసి మెట్ల కాడ నాకు చెప్పి పోతడు. గసుంటాయన బిడ్డకు గిట్లైందా? నా ఉసురే తగిలింది వాళ్ళకు."

ఎనిమిదింపావు. రోజూ ఎనిమిదింపావు.

అమ్మ బియ్యండబ్బా అడుగు నుంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చింది. తమ్ముడి చేతిరాత. "అక్కా" అని మొదలైంది. చదివాను. ఇక్కడ రాయను.

సెప్టెంబర్ 13

లాగ్‌లో ఆ పేజీ ప్రింట్ తీసుకుని పైకి వెళ్ళాను. రావుగారు ఒక్కరే హాల్లో ఉన్నారు. కాగితం ఇచ్చాను.

"ఏంటమ్మా ఇది? నాలుగు వందల పన్నెండు అంటే?"

"శనివారం ఉదయ తెరవబోయిన పేజీ సార్. సైటు బాగానే ఉంది. నేనే ఆపాను."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని ఆ అంకెనే చూశారు. అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"నేను ఆ రోజు చేసిన ఫోన్ వల్లేనా?"

"అవును సార్. అమ్మ నిన్న చెప్పింది. అప్పటిదాకా తెలియదు."

"ఆ పోలీసాయన రెండు రోజులు కూర్చోబెట్టి పంపేస్తానన్నాడమ్మా. నమ్మాను. తిరుపతి మోకాలు తలుచుకుంటే నాకిప్పటికీ అన్నం దిగదు" అన్నారు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "మీ అమ్మగారికి మాత్రం ఇది తెలియనివ్వకండి. ఆవిడ ఇప్పటికే సగమైపోయారు. తనవల్లే ఇదంతా అయిందనుకుంటే బతకరు."

"ఉదయకి?"

"దానికి మీరే చెప్పాలి. నా వల్ల కాదు."

ఉదయ డాబా మీద, రేకుల గది ముందు బట్టలు ఆరేస్తోంది. చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. తడి చున్నీ చేతిలో పట్టుకుని విన్నది. చివరికి ఒకటే అంది.

"ఆ రోజు మీరు మా ఇంట్లో కూర్చుని టీ కూడా తాగారు కదక్కా."

చున్నీ ఆరేసి, క్లిప్పు పెట్టి, నా పక్కనుంచి దిగి వెళ్ళిపోయింది. నేను బకెట్ పక్కన కూర్చుని ఏడ్చాను. ఎవరికీ పనికిరాని ఏడుపు.

సెప్టెంబర్ 15, ఆదివారం

అల్మాస్‌గూడ. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే వెళ్ళాను. నిజం చెబితే తిరుపతి రావుగారిని వదిలి అమ్మని పట్టుకుంటాడు. కన్నతల్లే పోలీసులకి పట్టించిందని తెలిస్తే వాడు ఎప్పటికీ ఇంటికి రాడు. చెప్పకపోతే రావుగారిని ఇలాగే తిట్టుకుంటూ ఈ మంచం మీదే ఉంటాడు. ఈ పగ ఎక్కడికి పోతుందో నాకు తెలుసు.

మామయ్యని బయటికి పంపి కూర్చున్నాను. ఉత్తరం తీసి వాడి ముందు పెట్టాను.

"గది ఊడుస్తుంటే దొరికింది. నేనే పోలీసోళ్ళకు చెప్పిచ్చిన."

"నువ్వా?"

"నేనే. గేటు తాళం గూడ నేనే తీసిన. సారుకు ఏం తెల్వదు. అమ్మకు ఏం తెల్వదు."

"సారు ఫోన్ల మాట్లాడిండని నువ్వే చెప్పినవ్ గద!"

"నా తప్పు కప్పిపుచ్చుకోనీకి చెప్పిన."

వాడు ఉత్తరం చూశాడు, నన్ను చూశాడు, మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు. "నా కాలు పోయింది. నౌకరి పోయింది."

"నువ్వు ఉన్నవ్ గదరా."

"అది నువ్వెవరు చెప్పనీకి?"

ఆ మాటకి అమ్మ అయితే జవాబు చెప్పేది. "అమ్మ అన్నం తింటలేదు. నువ్వు ఇంటికి పో, కావాల్నంటె నేనే వేరే ఉంట" అని చెప్పి లేచి వచ్చేశాను.

సెప్టెంబర్ 18, బుధవారం

నిమజ్జనం. బాలాపూర్ లడ్డూ వేలంపాట చూసి వస్తున్న జనంతో రోడ్డంతా నిండిపోయింది. ఆ జనంలోంచే సంచీ భుజాన వేసుకుని కుంటుకుంటూ తిరుపతి వచ్చాడు. అమ్మ గడపలోంచి లేవలేకపోయింది. వాడే వంగి లేపాడు.

ముందు పైకి వెళ్ళాడు. రావుగారితో ఏం మాట్లాడాడో తెలియదు. ఆయన వాడి భుజం పట్టుకుని మెట్లు దింపడం కిటికీలోంచి చూశాను. ఆయన నిజం చెప్పలేదు. నేను నా మీద వేసుకున్నదాన్ని అలాగే ఉండనిచ్చారు.

అమ్మ అన్నం కలిపి పెట్టింది. వాడు తిన్నాడు. తర్వాత అమ్మ తింది. మూడు నెలల తర్వాత కడుపునిండా తింది.

సెప్టెంబర్ 21

ఉదయ రేపు హాస్టల్‌కి వెళ్తోంది. అమ్మ మామిడికాయ తొక్కు సీసా తీసుకుని పైకి వెళ్ళింది. నేను మెట్ల దగ్గరే ఉన్నాను.

"ఆ కాలేజి కాడ్నే మా చెల్లె అండాలమ్మ ఇల్లు బిడ్డా. ఆదివారం ఆదివారం ఆడికి పో, ఒంటరిగ ఉండకు. మా కిష్ణకుమారి నీ కోసం ఎంత కొట్లాడిందో ఆ దినం, ఆ నెట్టు రాలె, ఏం జేస్తం."

ఉదయ అమ్మ భుజం మీంచి నన్ను చూసింది. చెప్పేస్తుందనుకున్నాను. చెప్పాల్సింది కూడా.

"అలాగే మామ్మా, వెళ్తాను" అని సీసా తీసుకుంది.

సెప్టెంబర్ 24

పెట్టె పీకేశాను. బోర్డు బీరువాలో పడేశాను. సబ్బుపెట్టె అమ్మ తీసుకుని చిల్లులున్నా సరే సబ్బు వేసుకుంది. "నీళ్ళు మంచిగ కారిపోతున్నయ్" అని మురిసిపోయింది.

సెప్టెంబర్ 29, ఆదివారం

తిరుపతి కొత్త నోటిఫికేషన్‌కి చదువుతున్నాడు. మామయ్యతో మాట్లాడతాడు, రావుగారితో మాట్లాడతాడు, లలితకుమారి ఆంటీకి కూరగాయలు తెచ్చి పెడతాడు. అమ్మ ఒళ్ళో తల పెట్టి టీవీ చూస్తాడు.

పొద్దున "అన్నం తిన్నవా?" అన్నాను. పేజీ తిప్పాడు. మధ్యాహ్నం అడిగాను. సాయంత్రం అమ్మ లేనప్పుడు ఎదురుగా కూర్చుని అడిగాను. కోపంగా చూడలేదు, మొహం తిప్పుకోలేదు. నేనక్కడ లేనట్టే ఉన్నాడు. నాతో మాట్లాడకు అని ఒక్కసారి అంటే ఊరుకుందును. అనడు.

రేపు మళ్ళీ అడుగుతాను.